ఖాయం అత్తయ్య కుళ్ళుకున్న కాలం

మా అత్తయ్య నోట ‘ఏమో’ అన్న మాట నేనెప్పుడూ వినలేదు. అత్తయ్యంటే మా నాన్న చెల్లెలు. కళ్ళజోళ్ళ షాపులో ముందు కౌంటరు ఆవిడది. గుమ్మంలో మనిషి కనబడగానే మొహం ఒక్కసారి చూస్తుంది, వెనక్కి తిరుగుతుంది, అరలోంచి ఒక ఫ్రేము తీసి బల్ల మీద పెడుతుంది. “ఇదే మీది. ఖాయం,” అంటుంది. వచ్చినవాళ్ళు మర్యాద కోసం ఇంకో నాలుగు పెట్టుకుని అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంటారు. చివరికి ఆ మొదటిదే కొనుక్కుని పోతారు. వాన వస్తుందా అంటే ఖాయం అంటుంది. పక్కింటి పిల్ల పరీక్ష పాసవుతుందా అంటే ఖాయంగా తప్పుతుంది అంటుంది. తీరా వాన రాకపోయినా, పిల్ల పాసైపోయినా, తప్పు వానదీ పిల్లదీ కాని అత్తయ్యది కాదు. వీధి వీధంతా ఆవిణ్ణి ఖాయం అత్తయ్య అనే పిలుస్తుంది, వరస కలవనివాళ్ళతో సహా.

మావయ్యది లోపలి చీకటి గది. నల్ల తెర వెనక ఒక కుర్చీ, ఎదురుగా వెలిగే అక్షరాల బోర్డు, పెట్టె నిండా గుండ్రటి అద్దాలు. వచ్చినవాళ్ళ ముక్కు మీద బరువైన టెస్టు ఫ్రేము పెట్టి, అందులో అద్దాలు మార్చి మార్చి, “ఇదా? అదా?” అని అడుగుతాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆయన నోట వచ్చేవి ఆ రెండు మాటలే. కొందరు విసుక్కుంటారు. “రెండూ ఒకలాగే ఉన్నాయండీ,” అంటారు. “తొందరేం లేదు, మళ్ళీ చూడండి,” అంటాడు మావయ్య. అంత ఓపిక మనిషికి ఉండకూడదని నా అభిప్రాయం. ఇంటికొస్తే ఆ రెండు మాటలు కూడా ఉండవు. కంచం ముందు కూర్చుంటే ఊ, లేస్తే ఊహూ. “నోట్లో నాలుకుందో లేదో ఆ పళ్ళ డాక్టరుకి చూపించాలి ఈయన్ని,” అని అత్తయ్య అనేది. ఆ మాట తర్వాత ఆవిడకే తగులుతుందని అప్పుడు తెలీదు.

ఆ గదికీ కౌంటరుకీ మధ్య చెక్క పార్టిషను పక్కన నా మిషను. ఫ్రేముకి తగ్గట్టు అద్దం అంచులు అరగదీసే పని నాది. కొడుకు బడికి పోయాక ఇంట్లో ఊరికే కూర్చుంటే మా ఆయనతో రోజుకో పేచీ పెట్టుకుంటున్నానని మా అమ్మే నన్ను ఇక్కడికి తోలింది. మిషను తిరుగుతుంటే నాకేమీ వినబడదని వాళ్ళిద్దరి నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనెప్పుడూ పాడుచెయ్యలేదు.

ఇంకొక మనిషిని చెప్పాలి. రోడ్డుకి అవతల మందుల కొట్టాయన. పొడుగ్గా ఉంటాడు, జుట్టు నెరిసినా నవ్వు నెరవలేదు. పొద్దున్నే షట్టరు ఎత్తుతూ, “ఏమండోయ్ ఖాయం గారూ, ఇవాళ బేరాలెలా ఉంటాయి?” అని అక్కణ్ణించే కేకేస్తాడు. “మాకు బాగుంటాయి, మీకు ఖాయంగా ఉండవు,” అని అత్తయ్య ఇక్కణ్ణించి అంటుంది. ఇద్దరూ పగలబడి నవ్వుతారు. మావయ్య మాత్రం ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చినా ఆ కొట్టుకి వెళ్ళడు. రెండు వీధులు నడిచి ఇంకెక్కడో మాత్రలు కొనుక్కుంటాడు. ఇక్కడ ధర ఎక్కువనుకుంటాడు కాబోలు అనుకునేదాన్ని. మందుల కొట్టాయన కళ్ళజోడు రిపేరుకొస్తే మిగతా పనులన్నీ అయ్యాక గాని మావయ్య దాని జోలికి పోడు. ఈ మధ్య ఇచ్చిన జోడైతే సొరుగులో ఎప్పట్నించి పడుందో నాకే గుర్తులేదు. ఇవన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. అద్దాల కొట్టులో పనిచేస్తూ కూడా చూడలేకపోయాను.

ఇలా ఉండగా వీధి చివర నిలువెత్తు గాజు బిల్డింగు ఒకటి లేచింది. దాన్నిండా ఆఫీసులు. ఎక్కడెక్కణ్ణించో వచ్చిన పిల్లలు పొద్దస్తమానం కంప్యూటరు చూసి చూసి, కళ్ళు మండి మా షాపుకి రావడం మొదలుపెట్టారు. వాళ్ళకి మన మాట రాదు. మావయ్య “దిస్ ఆర్ దట్?” అని అడగడం వరకు నేర్చుకున్నాడు. చిక్కల్లా వాళ్ళ జవాబులతో. ఒక్క ముక్కలో చెప్పి చావరు కదా. రెండోది స్పష్టంగానే ఉంది గాని అది తమకి నచ్చిందో లేదో తెలియడం లేదంటారు. మొదటిది కాస్త మసగ్గా ఉన్నా హాయిగా ఉన్నట్టు అనిపిస్తోంది, అదీ ఖచ్చితంగా చెప్పలేమంటారు. మావయ్యకి అందులో ‘క్లియర్’ ఒక్కటే అర్థమయ్యేది. ఆ పవరే రాసేవాడు. వారం తిరక్కుండా వాళ్ళు తలనొప్పి అంటూ కళ్ళజోడు వెనక్కి తెచ్చేవాళ్ళు. నేను మళ్ళీ అద్దాలు అరగదీసేదాన్ని.

అందుకని మావయ్య సాయంత్రం ఇంగ్లీషు క్లాసులో చేరాడు. పుస్తకాల షాపు మేడ మీద, పెద్దవాళ్ళ కోసం పెట్టిన క్లాసు. అక్కడి టీచరమ్మ పద్ధతి వేరు. పాఠం లేదు, బట్టీ లేదు. ఇద్దరిద్దరిని జంటలుగా వేస్తుంది. క్లాసు అయిపోయేదాకా ఆ జంటలు మారవు. ఒకళ్ళు తమకి తేలని సంగతేదో, ఇష్టమూ కష్టమూ కలిసిపోయిన సంగతేదో ఇంగ్లీషులో చెప్పాలి. మాట దొరక్క ఎంతసేపు తడుముకున్నా రెండోవాళ్ళు అందించకూడదు, అడ్డు రాకూడదు. అంతా అయ్యాక, ‘నాకు అర్థమైంది ఇదీ’ అని తిరిగి చెప్పాలి. తప్పయితే మళ్ళీ మొదటికి. అవతలివాళ్ళు ‘అదే, సరిగ్గా అదే’ అనేదాకా వదలరు.

ఇదంతా మావయ్యే నాకు చెప్పాడు, మిషను పక్కన స్టూలు వేసుకుని కూర్చుని. ఆయన నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

కౌంటరు దగ్గర్నించి అత్తయ్య అడిగింది. “మిమ్మల్ని ఎవరితో జంట వేశారు?”

“పళ్ళ క్లినిక్కులో రిసెప్షన్లో కూర్చుంటుందే, ఆవిడతో.”

“ఓహో,” అంది అత్తయ్య. ఫ్రేములు తుడిచే గుడ్డ అలాగే చేతిలో ఉండిపోయింది. “కళ్ళూ పళ్ళూ కలిశాయన్నమాట. ఇక ముక్కూ చెవులూ కూడా వచ్చి చేరితే మొహం పూర్తవుతుంది.”

నాకు నవ్వాగలేదు. అత్తయ్య నవ్వలేదు.

ఆ రోజునించి మొదలైంది. క్లాసున్న రోజు మావయ్య మధ్యాహ్నమే గడ్డం గీసుకుంటున్నాడని కనిపెట్టింది. స్నానం చేస్తూ ఇంగ్లీషులో గొణుక్కుంటున్నాడని నాకు వచ్చి చెప్పింది. “నాతో తెలుగులో ఒక్క ముక్క మాట్లాడటానికి ఈయనకి నోరు నొప్పి. బకెట్టుతో ఇంగ్లీషు మాట్లాడుతున్నాడే!” అంది. పళ్ళావిడ, అంటే అత్తయ్య ఆవిడకి పెట్టిన పేరదే, అత్తయ్య ఈడుదే. నేను చూశాను ఆవిణ్ణి. మెత్తటి మనిషి. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తూ కూడా నవ్వినప్పుడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఈ సంగతి అత్తయ్యతో అనడం నా బుద్ధితక్కువ. “నవ్వుతుందా? ఆయన దగ్గర నవ్వుతుందా?” అని నా వెంటపడింది.

ఒకరోజు పొద్దున పళ్ళావిడే షాపుకొచ్చింది. దగ్గరి అక్షరాలు కనబడటం లేదుట. మావయ్య తెర తీసి లోపలికి తీసుకెళ్ళాడు. క్లాసు అలవాటు కొద్దీ ఇద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటున్నారు. అత్తయ్య కౌంటరు వదిలేసి, తుడవడానికేదో ఉన్నట్టు నా పార్టిషను దాకా వచ్చేసింది. లోపల “దిస్ ఆర్ దట్?” అన్న మాటకి పెద్ద జవాబు. తర్వాత మావయ్య ఏదో అన్నాడు. ఆవిడ నవ్వింది. ఆవిడ నవ్విందంటే పోనీ అనుకోవచ్చు. మావయ్య నవ్వాడు. గొంతెత్తి, నిండుగా, కుర్రాడిలా. అత్తయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు.

“మిషను ఆపవే,” అంది నాతో, పంటి బిగువున. ఆపాను. లోపల్నించి మావయ్య గొంతు. “మై వైఫ్...” తర్వాత అద్దం మార్చిన చప్పుడు. “ఐ యామ్ నాట్ ష్యూర్.”

“నాట్ ష్యూర్ అంటే?”

“ఖచ్చితంగా తెలీదు అని, అత్తయ్యా.”

“ఏం తెలీదుట? భార్య గురించి ఇన్నేళ్ళ తర్వాత ఈయనకి ఖచ్చితంగా తెలీనిదేంటిట?”

నాకేం తెలుసు? నాకూ ఖచ్చితంగా తెలీదు.

పళ్ళావిడ బయటికొచ్చి ఫ్రేము చూపించమంది. అత్తయ్య ఆవిడ మొహం వైపు చూసింది. ఎప్పుడూ ఒక్క చూపుతో తేల్చే మనిషి, చాలాసేపు చూసింది. తర్వాత అడుగు అరలోంచి, దుమ్ము పట్టి, ఎవరూ కొనక మూల పడున్న గోధుమరంగు ఫ్రేము తీసింది. తాతల కాలం నాటిది, తలుపు చట్రమంత ఉంటుంది. “ఇదే మీది. ఖాయం,” అంది, నా వైపు చూడకుండా. తెలిసి తెలిసి తప్పు ఫ్రేము ఇవ్వడం ఆవిడ జీవితంలో అదే మొదలు. పళ్ళావిడ పెట్టుకుని అద్దంలోకి వంగింది. ఏం చెప్పను! ఆ గోధుమరంగు ఆవిడ మొహం కోసమే పుట్టినట్టుంది. కళ్ళు పెద్దవయ్యాయి, బుగ్గలు నిండాయి. “మీరు చెబితే తిరుగుండదని అందరూ అంటే ఏమో అనుకున్నానండీ,” అని మురిసిపోయి, అత్తయ్య చెయ్యి పట్టుకుని ఊపి, వెళ్ళిపోయింది. అత్తయ్య ఆ పూట భోజనం చెయ్యలేదు.

నిప్పుల్లేకుండా మండటం ఎలాగో నేను అత్తయ్యని చూసి తెలుసుకున్నాను. అరిచి గోల చేస్తే మావయ్య ఏం చేసేవాడో గాని, ఆవిడ అరవలేదు. “నాకూ నేర్పవే,” అంది ఓ మధ్యాహ్నం, బేరాల్లేని వేళ నా స్టూలు లాక్కుని. “వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో నాకు తెలియాలి. క్లాసు చివరి రోజు ఇంట్లోవాళ్ళని కూడా రమ్మన్నారుట. ఆ రోజుకి నాకు అర్థమైతే చాలు.”

నాకు వచ్చినంత నేర్పడం మొదలుపెట్టాను. ‘ఐ యామ్ హ్యాపీ’ వెంటనే పట్టుకుంది. ‘ఐ యామ్ యాంగ్రీ’ ఇంకా తొందరగా పట్టుకుంది. ఈ రెంటినీ కలిపి చెప్పమంటేనే మొరాయించింది.

“ఐ యామ్ హ్యాపీ, బట్ ఐ యామ్ యాంగ్రీ. అను అత్తయ్యా.”

“సంతోషమైతే సంతోషం అనాలి, కోపమైతే కోపం అనాలి. ఒక్క నోటితో రెండూ అంటే ఆ మనిషిని ఎవరైనా నమ్ముతారటే?”

“రెండూ ఉంటేనో?”

“ఉండవు. ఖాయం.”

నాకు ఒళ్ళు మండింది. అప్పుడే అరగదీసిన బైఫోకల్ అద్దం తీసి ఆవిడ చేతిలో పెట్టాను. “ఇదేంటి? పైనుంచి చూస్తే దూరం, కిందనుంచి చూస్తే దగ్గర. ఒక్క అద్దమే కదా? రోజూ అమ్మేది నువ్వే కదా?”

అత్తయ్య దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. మధ్యలో గీత మీద బొటనవేలు రాసింది. “గీత అలవాటయ్యేదాకా తల తిరుగుతుందే,” అంది మెల్లిగా. ఆ సాయంత్రం షట్టరు దించుతూ, నేను అడక్కుండానే ‘బట్’ అని రెండుసార్లు అనుకుంది.

చివరి రోజు ముగ్గురం వెళ్ళాం. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అత్తయ్య, తనకి తనే ఎంచుకున్న, ఎవరికీ అమ్మనని దాచుకున్న సన్న ఫ్రేము కళ్ళజోడు పెట్టుకుంది. మేడ మీద గది ఇరుకు. ఒకరి మోకాలు ఒకరికి తగిలేలా కుర్చీలు, గోడకి ఒక నల్లబల్ల, పక్కనున్న ఫ్యాను తిరిగితే చప్పుడు తప్ప గాలి లేదు. టీచరమ్మ లేచి ఆ రోజు ఏం చెయ్యాలో చెప్పింది. ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకోరు. జంటలో ఒకళ్ళ మనసులోని మాట రెండోవాళ్ళు నిలబడి చెప్పాలి. అదీ, ఆ సంగతి ఎవరిదో వాళ్ళు చెప్పవచ్చన్నవే చెప్పాలి.

ముందు మావయ్య లేచాడు. పళ్ళావిడ కూతురు పళ్ళ డాక్టరు చదువు పూర్తి చేసిందట, అదే క్లినిక్కులో చేరబోతోందట. తల్లికి గర్వంగా ఉంది. కాని రేపట్నించి కన్న కూతురు లోపలికి వస్తుంటే తను కుర్చీలోంచి లేచి నిలబడాలి, డాక్టర్ అని పిలవాలి. అందుకు ఆవిడకి సంతోషమూ ఉంది, సిగ్గూ ఉంది, కొంచెం అసూయ కూడా ఉంది. ఆ అసూయకి ఇంకా సిగ్గుగా ఉంది. ఇదంతా మావయ్య నెమ్మదిగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ, ఒక్కటీ వదలకుండా చెప్పాడు. పళ్ళావిడ కళ్ళు తుడుచుకుంటూ తలూపింది. నేను అత్తయ్య చెవిలో తెలుగులో చెబుతున్నాను.

“ఇంకొకళ్ళ పెళ్ళాం మనసులో ఏముందో ఇంత బాగా తెలుసన్నమాట ఈయనకి,” అంది అత్తయ్య. ఆవిడ పక్కన కూర్చుంటే నాకే వేడి తగులుతోంది.

తర్వాత పళ్ళావిడ లేచింది. గోధుమరంగు ఫ్రేము సర్దుకుంది. మావయ్య తల దించుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు.

“హీ హాజ్ వన్ క్వశ్చన్,” అని మొదలుపెట్టింది. నేను చెవిలో చెబుతున్నాను. ఆయనకి ఒక ప్రశ్న ఉందిట. చాలా ఏళ్ళ కిందటిదట. ఇప్పటి షాపు ఇంకా వేరేవాళ్ళదై, ఆయన అందులో పని నేర్చుకుంటున్నప్పుడు ఒక అమ్మాయి వాళ్ళమ్మ కళ్ళజోడు బాగుచేయించడానికి వచ్చేదిట. ఆ అమ్మాయిని ఎదురు కొట్టులో ఇంకొకతను కూడా ఇష్టపడ్డాడుట. అతను పొడుగు, నవ్వుతూ మాట్లాడతాడు. ఈయనకి మాటలు రావు. ఒకరోజు ధైర్యం చేసి, చీకటి గదిలో, మొహం కనబడదు కాబట్టి అడిగాడుట, నన్ను చేసుకోవడం ఇష్టమేనా అని.

“అండ్ షీ సెడ్,” అంది పళ్ళావిడ. ఆగింది. ఇంగ్లీషులో ఆ మాట దొరకలేదేమో, లేక మార్చకూడదనుకుందేమో. “షీ సెడ్, ‘ఏమో’.”

దానికి నేను తెలుగు చెప్పక్కర్లేకపోయింది.

తర్వాతవి ఎలా చెప్పానో నాకే తెలీదు. ఆ అమ్మాయి ఈయన్ని చేసుకుంది. ఈయన సుఖంగానే ఉన్నాడు. కాని ఆవిడ వానకి ఖాయం అంటుంది, దారినపోయేవాళ్ళకి ఖాయం అంటుంది, ముక్కూ మొహం తెలియనివాళ్ళ మొహం చూసి కూడా ఖాయం అంటుంది. జీవితంలో ‘ఏమో’ అన్నది ఒక్కరితోనే. తనంటే ఇష్టపడి చేసుకుందో, ఊరికే ఒప్పుకుందో ఆయనకి ఈనాటికీ తెలీదు. రోజూ పొద్దున రోడ్డుకి అటూ ఇటూ ఆ నవ్వులు వింటాడు. ఈ వయసులో అసూయపడటానికి సిగ్గేస్తుందిట. అయినా పడతాడుట.

“దట్స్ ఇట్,” అన్నాడు మావయ్య, తల ఎత్తకుండా. “ఎగ్జాక్ట్లీ దట్.”

గదంతా చప్పట్లు. టీచరమ్మ మావైపు తిరిగి, ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఏమైనా చెబుతారా అని మర్యాదకి అడిగింది. అలాంటప్పుడు ఎవరూ లేవరు. అత్తయ్య లేచింది. చేత్తో ముందు కుర్చీ వీపు పట్టుకుంది. మావయ్య వైపు చూడలేదు. పళ్ళావిడనే చూసింది.

“ఐ యామ్ హ్యాపీ,” అంది. “హీ సెడ్ ఇట్.” గీత దాటడానికి ఆవిడ పడ్డ అవస్థ నాకు తెలుసు. “బట్. బట్ ఐ యామ్ యాంగ్రీ. హీ సెడ్ ఇట్ టు యూ.”

ఒక్కళ్ళూ చప్పట్లు కొట్టలేదు. టీచరమ్మ మాత్రం, ఇన్నాళ్ళ క్లాసులో ఇంత స్పష్టమైన వాక్యం వినలేదంది. అత్తయ్యకి అది అర్థం కాలేదు, అర్థమైనా వినే స్థితిలో లేదు. కూర్చుని, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

ఇంటికెళ్ళే దారిలో అత్తయ్య ముందు, మావయ్య వెనక. మధ్యలో ఎవరి పక్కన నడవాలో తెలీక నేను. మందుల కొట్టు ముందునించి వెళుతుంటే ఆయన ఎప్పట్లాగే ఏదో కేకేశాడు. అత్తయ్య జవాబు చెప్పలేదు. ఆయన అక్కడే చెయ్యెత్తి నిలబడిపోయాడు.

మర్నాడు నేను షాపుకొచ్చేసరికి కౌంటరు ఖాళీ. నల్ల తెర దించి ఉంది. లోపల టెస్టు కుర్చీలో అత్తయ్య కూర్చున్నట్టుంది, అద్దాల పెట్టె చప్పుడు వినబడుతోంది. నేను బుద్ధిగా మిషను వేశాను. అద్దం మాత్రం పెట్టలేదు. ఉత్తినే తిరిగితే దాని చప్పుడు పెద్దగా ఉండదు.

“ఇదా? అదా?” అన్నాడు మావయ్య.

“ముందు నేనొకటడుగుతాను. ఇన్నేళ్ళూ నన్నే అడగచ్చు కదా?”

“అడిగితే ఖాయం అనేస్తావు. కౌంటర్లో అన్నట్టు,” అన్నాడు. “అది నాకొద్దు.”

“ఆవిడ ఏమంది మరి?”

“ఏమీ అనకూడదు కదా ఆవిడ. నాకు మాట దొరికేదాకా కూర్చోవాలి. నువ్వు కూర్చోవు. నేను నోరు తెరిచేసరికి నువ్వు నా మాట కూడా పూర్తి చేసేస్తావు.”

అత్తయ్య ఏదో అనబోయి ఆగినట్టుంది. ఆ ఆగడం నాకు వినబడింది.

“అప్పుడు ఎదురు కొట్టాయన కూడా అడిగాడు నన్ను,” అంది చివరికి. “మీకు తెలుసా?”

“ఇష్టపడ్డాడని తెలుసు. అడిగాడని తెలీదు.”

“అడిగాడు. వద్దన్నాను. ఖాయంగా. రెండోసారి ఆలోచించలేదు. ఆయనా నవ్వేసి ఊరుకున్నాడు. ఆ నవ్వే ఇప్పటికీ.” కుర్చీ కిర్రుమంది. “మీరడిగినప్పుడు కూడా వద్దందామనే నోరు తెరిచాను. రాలేదు. ఔననడానికీ రాలేదు. నాకు అలా ఎప్పుడూ అవలేదు. భయమేసి ఏదో అన్నాను.”

“ఇప్పుడో?”

“ఇప్పుడు ఖాయం అంటే మీరు నమ్మరుగా. అందుకని అనను. మీరు ఆవిడకి ముందు చెప్పారు, దానికి నాకింకా మండుతూనే ఉంది. అదీ ఉంది, ఇదీ ఉంది. అద్దం మార్చండి, ఏమీ కనబడటం లేదు.”

అద్దం మార్చిన చప్పుడైంది. “ఇదా? అదా?” అన్నాడు మావయ్య. గొంతు ఎప్పటిలా లేదు.

“తొందరేం లేదన్నారుగా అందరికీ,” అంది అత్తయ్య. “నన్నూ చూడనివ్వండి.”

మధ్యాహ్నం మావయ్య సొరుగు తెరిచి మందుల కొట్టాయన కళ్ళజోడు తీశాడు. స్టూలు మీద కూర్చుని మరలు బిగించాడు, ముక్కు దగ్గర ఆనేవి కొత్తవి వేశాడు, రెండుసార్లు తుడిచాడు. ఎవరికీ చెప్పకుండా దాన్ని పట్టుకుని రోడ్డు దాటాడు. అత్తయ్య, నేను గాజు తలుపులోంచి చూస్తున్నాం. అవతల ఆయన ఆశ్చర్యపోవడం కనబడింది. కళ్ళజోడు పెట్టుకోవడం కనబడింది. తర్వాత ఇద్దరూ కౌంటరు మీదికి వంగి మాట్లాడుకున్నారు. చాలాసేపు. మధ్యలో మావయ్య నవ్వాడు. ఆ నవ్వు ఇక్కడిదాకా వినబడలేదు గాని భుజాలు ఊగడం కనబడింది.

“అంతసేపు ఏం మాట్లాడతారే వాళ్ళిద్దరూ?” అంది అత్తయ్య. తుడిచిన ఫ్రేమునే మళ్ళీ తుడుస్తోంది.

మావయ్య తిరిగొచ్చాడు, చేతిలో దగ్గు బిళ్ళల పొట్లంతో. ఆయనకి దగ్గు లేదు. ఒక బిళ్ళ నోట్లో వేసుకుని లోపలికి పోబోయాడు. అత్తయ్య అడ్డంగా నిలబడింది.

“ఏం చెప్పాడు? నా గురించేనా? వద్దన్నానని చెప్పాడా? చెప్పండి!”

మావయ్య ఆగాడు. బిళ్ళని ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మార్చుకున్నాడు. నల్ల తెర ఎత్తి పట్టుకుని, వెనక్కి తిరిగి చూశాడు.

“ఏమో,” అన్నాడు.

తెర పడింది. అత్తయ్య గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ మాటని ఆవిడ ఒక్కసారే అంది. ఆయన ఎన్నేళ్ళు విన్నాడో ఆవిడకి అప్పుడే మొదటిసారి తెలిసినట్టుంది. మొహం ఎర్రబడింది, కళ్ళు నిండాయి.

“ఐ యామ్ యాంగ్రీ!” అంది తెర వైపు చూస్తూ, గట్టిగా.

‘బట్’ కోసం నేను మిషను ఆపాను. తెర వెనక మావయ్య కూడా అద్దాల పెట్టె కదిలించకుండా ఆగి ఉన్నాడు. గుమ్మంలోకి ఎవరో ఫ్రేము కోసం వచ్చి నిలబడ్డారు. అత్తయ్య వాళ్ళ మొహం వైపు కూడా చూడలేదు.

“కూర్చోండి,” అంది. “కాస్త టైము పడుతుంది.”